రెండో సంపుటికి పెళ్లిచూపులు

"ఏమండీ, విన్నారా! రేవతి మొదటి పతి దొరికాడట! ఆదివారం నేరుగా ఇంటికే వస్తున్నాడట!"

సరోజ ఫోను చెవి దగ్గర పెట్టుకునే పెట్టిన కేకకు నా చేతిలో గ్లాసు అదిరి, కాఫీ అంతా లుంగీ మీదికి ట్రాన్స్‌ఫర్ అయింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ట్రాన్స్‌ఫర్లు కొత్త కాదు గాని, ఇంత వేడి ట్రాన్స్‌ఫర్ నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

రేవతి అంటే ద్వారకలో మా సొసైటీలోనే, సరిగ్గా మా నెత్తి మీది ఫ్లాట్‌లో ఉండే పద్మనాభం భార్య. స్కూల్లో కెమిస్ట్రీ టీచరు. పద్మనాభం నా ఆఫీసే, నా పక్క సెక్షనే. వాళ్లమ్మ అతన్ని ముద్దుగా 'పద్దూ' అంటుంది. ఆఫీసులో పద్దులు చూసి, ఇంటికొచ్చి పద్దు అనిపించుకునే సాధుజీవి. అలాంటివాడికి ముందు ఇంకొక పతా!

"సరిగ్గా విన్నావుటే?"

"మధ్యలో గరగరలాడింది గాని, ముఖ్యమైనదంతా వినిపించింది. 'మొదటి పతి కోసం మా ఆయన పెళ్లికి ముందునుంచీ వెతుకుతున్నారు, ఇన్నాళ్లకు దొరికింది' అంది."

"దొరికింది ఏమిటి? దొరికాడు అనాలి కదా?"

"కోపంతో అనుంటుంది పాపం!"

లుంగీ మార్చుకుని మెట్లెక్కాను. తలుపు తీసిన పద్మనాభం ముఖం వెలిగిపోతోంది. నాకు మరీ భయం వేసింది.

"ఏమయ్యా, నేను విన్నది నిజమేనా?"

"అప్పుడే మీదాకా వచ్చిందా! నిజమే రాజగోపాల్‌గారూ. నిన్నటినుంచీ ముద్ద దిగడం లేదు."

"దిగదు మరి. ఇంట్లోకి రానిస్తావా?"

"రానివ్వకేం! కాళ్లు పట్టుకునైనా తెచ్చుకుంటాను. తెచ్చి నా మంచం పక్కనే పెట్టుకుంటాను."

నేను గోడ పట్టుకున్నాను. "రేవతి ఏమంటోంది?"

"ఏమంటుంది, గొణుగుతోంది. ఇప్పటికే ఇంట్లో రెండున్నాయి కదా, ఇంకోటి ఎక్కడ పెడతారు అంటోంది."

"రెండా!" గోడ కూడా నన్ను వదిలేసింది. అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

"ఒకటీ, మూడూ ఉన్నాయండీ. నడిమిది లేకపోవడమే కదా ఇన్నేళ్లూ నా బాధ!"

"ఏమిటయ్యా ఒకటీ మూడూ?"

"సంపుటాలు! 'దక్కను దుర్గాలు' మూడు సంపుటాలు. రెండో సంపుటం మొదటి ముద్రణ ప్రతి దొరికింది!"

ఫోను గరగరలో 'ముద్రణ' మునిగిపోయింది, 'ప్రతి'లో రకారం రాలిపోయింది. కిందికి పరుగెత్తి సరోజ నోరు మూయించి, మళ్లీ పైకొచ్చి అసలు కథ విన్నాను. అప్పటికే సరోజ ఇద్దరికి చెప్పేసిందనుకోండి. వాళ్లకూ వెంటనే తనే ఫోన్ చేసి దిద్దుకుంది.

పద్మనాభానికి ఒకే ఒక్క పిచ్చి. పాత చరిత్ర గ్రంథాల మొదటి ముద్రణలు పోగు చేయడం. ఆదివారం దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల బజారుకు వెళ్లాడంటే గంజి కూడా తాగడు. అచ్చు కనిపిస్తే చాలు, వెంటనే అచ్ఛా అనేస్తాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"రెండో ముద్రణలో తప్పులు దిద్ది వేస్తారు కదయ్యా. అదే కదా మంచిది?"

"తప్పులు దిద్దకముందు ఉన్నదే గొప్ప."

"అలాగైతే మన ఆఫీసు నోట్లన్నీ మొదటి ముద్రణలే!"

అతను నవ్వలేదు. పుస్తకాల దగ్గర అతనికి నవ్వు నిషిద్ధం, తుమ్ము నిషిద్ధం, తడిచెయ్యి నిషిద్ధం.

'దక్కను దుర్గాలు' ఎవరో ఇంగ్లీషు సైనికాధికారి మన కోటలన్నీ గుర్రం మీద తిరిగి రాసిన చరిత్ర. లండన్‌లో అచ్చయి నూటముప్పై ఏళ్లు. మొదటి సంపుటం పద్మనాభానికి దరియాగంజ్‌లో దొరికింది, మూడోది కరోల్ బాగ్‌లో ఒక పాత సామాన్ల కొట్లో. రెండోది మాత్రం నోయిడాలో త్యాగరాజు అనే రిటైర్డ్ రైల్వే అధికారి దగ్గరుందని ఈ మధ్యే తెలిసింది. ఆయనది కాకినాడ. చూపు తగ్గుతోందని తన పుస్తకాలను ఒక్కొక్కటిగా ఇచ్చేస్తున్నాడు. అమ్మడం కాదు, ఇచ్చేయడం. అయితే ఊరికే ఇవ్వడు. ఇల్లు చూసి ఇస్తాడు.

"పేరు త్యాగరాజేగాని త్యాగం అంత తేలిక కాదన్నమాట," అన్నాను.

"ఆయన ఫోన్‌లో ఏమన్నారో తెలుసా? 'పిల్లనిచ్చే ముందు ఇల్లు చూడాలా వద్దా' అన్నారు. ఇంకో సంబంధం కూడా ఉందట. గుర్గావ్‌లో ఒక కంపెనీ పెద్ద. అద్దాల బీరువా, బీరువాలో ఏసీ! ఆదివారం మా ఇంటికి రెండో సంపుటంతోనే వస్తారు. నచ్చితే ఇక్కడే ఇచ్చేస్తారు, నచ్చకపోతే ఇటునుంచి ఇటే గుర్గావ్." పద్మనాభం నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇది చేజారితే ఇంకో ప్రతి నా జన్మలో చూడను రాజగోపాల్‌గారూ."

తర్వాత నా చేతులు కడిగించి, తుడిపించి, ఆరబెట్టించి, మొదటి సంపుటం తెరిచాడు. లోపల మొదటి తెల్లకాగితం మీద నాలుగు మూలలా పసుపు కలిసిన గోధుమరంగు మచ్చలు.

"ఇదే నా దిగులు. ఫాక్సింగ్."

"ఫ్యాక్సింగా? ఎవరికి పంపించావు?"

"ఫ్యాక్స్ కాదండీ, ఫాక్స్! నక్క! పాత కాగితానికి వచ్చే జబ్బు, నక్కరంగు మచ్చలు. మూడో సంపుటానికీ ఇలాగే ఉంది. భూతద్దం పెట్టి చూశాను, ఇంగ్లీషు కేటలాగులన్నీ తిరగేశాను, అదే. త్యాగరాజుగారు చూస్తే మా ఇంట్లో తేమ ఉందంటారు."

ఆ వారమంతా తేమ మీద యుద్ధమే. బాల్కనీలో బట్టలు ఆరేయడం బంద్. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే, తేమ పీల్చే గుళికల పొట్లాలు సొసైటీ మొత్తం మీద అడుక్కొచ్చి బీరువాలో పోశాడు. రేవతి చేత ఇడ్లీలు ఆవిరి పట్టనివ్వలేదు. అట్లతో సరిపెట్టుకున్నారు. పద్మనాభం తల్లి తాయారమ్మగారు తెనాలినుంచి వచ్చి నెలే అయింది. ఢిల్లీలో ఆవిడకు ఇదే మొదటి దసరా. కొడుకు హడావుడంతా చూసి, "ఏమిటే రేవతీ, వీడు పుస్తకాలకు ఇంత మర్యాద చేస్తున్నాడు! చిన్నప్పుడు లెక్కల పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునేవాడు," అని మురిసిపోయింది.

ఆ ముచ్చటే కొంప ముంచుతుందని మాకేం తెలుసు?

అది దసరా, గాంధీ జయంతి ఒకే రోజున వచ్చిన సంవత్సరం. రెండు సెలవులు ఒకదాని మీద ఒకటి పడి ఒకటైపోయాయని మా ఆఫీసంతా సంతాపంలో ఉంది. మేమూ ఆ సోమవారం గురించి ఏడ్చాం గాని, దాని ముందురోజు ఆదివారం మహర్నవమి అవుతుందని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

ఆదివారం ఉదయం ఇద్దరం మెట్రో స్టేషన్‌కి వెళ్లాం. త్యాగరాజుగారు దిగాడు. సన్నగా, పొడుగ్గా, సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలతో ఉన్నాడు. భుజానికి గుడ్డసంచి, సంచిని గుండెకు హత్తుకున్న చెయ్యి. నమస్కారం పెట్టడానికి కూడా ఆ చెయ్యి తీయలేదు. ఆటో ఎక్కగానే విచారణ మొదలైంది.

"ఇంట్లో చెదలున్నాయా?"

"లేవండీ."

"కూలర్ ఎక్కడ పెడతారు?"

"హాల్లో. పుస్తకాలు లోపలి గదిలో ఉంటాయండీ."

"పేజీ తిప్పడానికి వేలు తడుపుకునే అలవాటు?"

"రామ రామ!"

"చివర మడత పెట్టే అలవాటు?"

"ఆఫీసు ఫైలు కూడా మడవనండీ!"

"నిజమే సార్," అన్నాను, "మడవడు, కదపడు. సెక్షన్ ఆఫీసరు కదా."

త్యాగరాజుగారు నా వంక చూసి, "వీరెవరు? అబ్బాయి తరఫు పెద్దలా?" అన్నాడు. పద్మనాభం నా కాలు తొక్కాడు.

"మొన్న ద్వారకలోనే ఒకరింటికి వెళ్లాను," అన్నాడాయన. "పుస్తకం మీద టీ కప్పు పెట్టి ఉంది. గుమ్మం దగ్గరినుంచే వచ్చేశాను. నాకు ఒక్క చూపు చాలు."

తలుపు తీసే ఉంది. గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. లోపలినుంచి సాంబ్రాణి పొగ, పట్టుచీరల గరగర. మా సరోజ కనిపించింది, పక్కింటి భాటియా ఆంటీ కనిపించింది. తాయారమ్మగారు సొసైటీలోని ఆడవాళ్లందరినీ తాంబూలానికి పిలిచేసింది!

పద్మనాభం గుండె చిక్కబట్టుకుని, "మీరిలా రండి, లోపలి గదిలో చూపిస్తాను," అని త్యాగరాజుగారిని తీసుకెళ్లి బీరువా తెరిచాడు.

ఒకటో సంపుటం లేదు. మూడో సంపుటం లేదు. వాటికి చుట్టిన పల్చటి కాగితాలు మాత్రం శుభ్రంగా మడతపెట్టి ఉన్నాయి.

పద్మనాభం నోటినుంచి వచ్చిన శబ్దాన్ని ఏ అక్షరంతో రాయాలో తెలుగు అక్షరమాలలో వెతికినా దొరకదు. అరుపు కాదు, ఏడుపు కాదు, ఎక్కిళ్లకూ ఈలకూ మధ్య ఏదో. హాల్లోకి పరుగెత్తాడు. వెనకే నేను. నా వెనక, సంచి ఇంకా గట్టిగా హత్తుకుని, త్యాగరాజుగారు.

హాలు మూలన పీట. పీట మీద సరస్వతీదేవి పటం. పటం ముందు రేవతి కెమిస్ట్రీ పుస్తకం, గ్యాస్ పుస్తకం. వాటికి అటొకటి ఇటొకటి, ద్వారపాలకుల్లాగా, 'దక్కను దుర్గాలు' ఒకటీ మూడూ! నూటముప్పై ఏళ్ల తోలు అట్ట మీద రూపాయి బిళ్లంత తడిపసుపు, దాని మధ్యన కుంకుమ, పైన బంతిపువ్వు. పసుపు నీళ్లు ఒక సన్నటి దారగా అట్ట అంచు దాకా జారి, అక్కడ ఒక చుక్కై వేలాడుతోంది. పడాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"అమ్మా!"

"వచ్చావా పద్దూ! చూశావా, ఎంత కళగా ఉన్నాయో!" అంది తాయారమ్మగారు.

"అవి నూటముప్పై ఏళ్ల పుస్తకాలమ్మా!"

"తెలుసు నాయనా. పెద్దవాళ్లు కదా అని ముందు వాటికే బొట్టు పెట్టాను."

పద్మనాభం చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "తాకకు! ఇవాళ పుస్తకం తాకకూడదు, తెరవకూడదు. రేపు ఉద్వాసన చెప్పాక తీసి, తలొక పేజీ చదువుదువుగాని."

"రేపా! ఆయన ఇవాళ చూడ్డానికొచ్చారమ్మా!"

"చూడమను. కళ్లతో చూడ్డానికి ఏం దోషం?"

చూశాడాయన. ఒక్క చూపు. చాలన్నాడుగా. టీ కప్పు చూసి పారిపోయిన మనిషి తడిపసుపు చూశాడు. గిరుక్కున తిరిగి గుమ్మం వైపు నడిచాడు. తాంబూలాలు అందుకోబోయిన చేతులు అలాగే గాలిలో ఆగిపోయాయి. గుర్గావ్ ఏసీ బీరువా చల్లగాలి ఇక్కడిదాకా తగిలినట్టయింది.

"సార్, సార్! అట్ట మీదేనండీ. తుడిస్తే పోతుంది. లోపల ఏమీ కాలేదు!" పద్మనాభం వెంటపడ్డాడు. మళ్లీ భయం వేసి వెనక్కి తిరిగాడు. "అమ్మా, లోపల ఏమీ రాయలేదుగా?"

"కొత్తగా ఏం రాయలేదు," అంది తాయారమ్మగారు, తమలపాకులు సర్దుతూ. "లోపలి తెల్లకాగితానికి నాలుగు మూలలా ఇదివరకు ఎవరో రాసిన పసుపు వెలిసిపోయుంది. దాని మీదే కాస్త అద్దాను. ఎవరోగాని పద్ధతి తెలిసినవాళ్లు."

ఈసారి పద్మనాభానికి శబ్దం కూడా రాలేదు.

త్యాగరాజుగారి ఒక కాలు చెప్పులో ఉంది. రెండో కాలు గాలిలో ఉంది. ఆ కాలు అలాగే ఆగిపోయింది.

"ఏమన్నారమ్మా? నాలుగు మూలలానా?"

"అవును బాబూ. కొత్త పుస్తకానికి పసుపు రాయరూ?"

ఆయన చెప్పులోంచి కాలు తీశాడు. వెనక్కి వచ్చి, ఆడవాళ్ల మధ్యనే నేల మీద కూర్చుని, సంచిలోంచి తెల్లటి పంచెలో చుట్టిన రెండో సంపుటం తీశాడు. అది ఇంకా పీట ఎక్కలేదు గనక తాయారమ్మగారు కూడా అడ్డు చెప్పలేదు. ఆయన అట్ట తెరిచాడు.

మొదటి తెల్లకాగితం. నాలుగు మూలలా నాలుగు మచ్చలు.

"ఫాక్సింగ్ అనుకున్నాను," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా ఫాక్సింగ్ అనుకుంటున్నాను. వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాను."

"ఫాక్సింగేనండీ!" అన్నాడు పద్మనాభం మొండిగా. అమ్మ మాట నెగ్గితే పుస్తకం మీద అమ్మ చేసింది కూడా సబబైపోతుందని అతని భయం. "కేటలాగుల్లో అచ్చం ఇలాగే ఉంటుంది!"

"నక్క నాలుగు మూలలా లెక్క చూసుకుని కరుస్తుందా పద్మనాభంగారూ?"

అప్పుడు రేవతి ముందుకొచ్చింది. ఈ వారమంతా ఇడ్లీ లేక మాడిన కడుపు, ఆవిడ మాటలో కసి ఉంది. "ఇందులో వాదనెందుకండీ? పసుపైతే సున్నం తగిలితే ఎర్రబడుతుంది. ఆరో క్లాసు పిల్లల చేత చేయిస్తాను. తాంబూలంలో సున్నం ఉండనే ఉంది."

"సున్నమా! నా పుస్తకానికా!" త్యాగరాజుగారు సంపుటాన్ని రెండు చేతులా కప్పేశాడు. పద్మనాభం కూడా అడ్డంగా నిలబడ్డాడు. ఇంకా తనది కాని పుస్తకం కోసం పెళ్లానికి చెయ్యి అడ్డుపెట్టిన మగాణ్ణి నేను మొదటిసారి చూశాను.

త్యాగరాజుగారు ఆ మచ్చను చూశాడు, పీట మీది పుస్తకాలను చూశాడు. చివరికి, "ఒక లవంగం ఇవ్వండి. నేనే పెడతాను. ఒక్క మూలన, ఆవగింజంత," అన్నాడు.

లవంగం కొస సున్నంలో అద్దాడు. సరోజ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆయన కాగితం మూలన ఆ కొసను తాకీ తాకనట్టు తాకించి, తీసేశాడు.

ఏమీ కాలేదు. పద్మనాభం, "చెప్పానా!" అన్నాడు.

అంతలో ఆ చుక్క చుట్టూ సన్నగా, నెమ్మదిగా ఎరుపు లేచింది.

"పారాణి!" అన్నారు ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో.

త్యాగరాజుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు తుడుచుకున్నాడో కళ్లు తుడుచుకున్నాడో నేను చూడలేదని చెప్పడమే మర్యాద. "నేను దీన్ని కలకత్తాలో కొన్నాను. ఎవరో దొరగారి ఇంట్లోంచి వచ్చిందనుకున్నాను. మనవాళ్ల ఇంట్లోదా ఇది! మూడూ ఒకే పీట మీద కూర్చున్నవా!"

"సార్, మరి అట్ట మీద ఆ తడి..." పద్మనాభం గొణిగాడు. ఇంకా తుడిచేద్దామనే చూస్తున్నాడు పిచ్చివాడు.

"దాని సంగతి నేను మీ అమ్మగారితో మాట్లాడుకుంటాను. అమ్మా, పొడి పసుపైతే మరక తక్కువ పడుతుంది. వచ్చే ఏడాదినుంచి పొడిది పెట్టండి."

వచ్చే ఏడాదినుంచి! పద్మనాభం నా వైపు తిరిగి, తాను విన్నది నిజమేనా అన్నట్టు చూశాడు. నేను తలాడించాను.

"గుర్గావ్ ఆయన..." అన్నాడు నమ్మకం చాలక.

"ఆయన దీన్ని అద్దాల వెనక పెట్టి తాళం వేస్తాడు. ఏడాదికొకసారైనా తీసి తలొక పేజీ చదవమనేవాళ్లు ఆ ఇంట్లో లేరు." త్యాగరాజుగారు సంపుటాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

పద్మనాభం అందుకోబోయాడు. అతని వేళ్లకూ పుస్తకానికీ మధ్య బెత్తెడు దూరం ఉండగా, తాయారమ్మగారు మధ్యలో దూరి చటుక్కున అందుకుంది. అట్టకు ఇంత పసుపు, పొడిదే, రాసి, కుంకుమ పెట్టి, ఒకటికీ మూడుకీ మధ్యన నిలబెట్టింది. "రేపు," అంది కొడుకుతో. పెళ్లికి ముందునుంచీ ఎదురుచూసినవాడు నోరు మూసుకుని పీట ఎదురుగా కూర్చున్నాడు.

ఇదంతా కళ్లప్పగించి చూస్తున్న భాటియా ఆంటీ ఇక ఆగలేకపోయింది. "అరే భాయీసాబ్, కోయీ ముఝే భీ బతావో! హువా క్యా?"

పద్మనాభం లేచి నిలబడి, హాల్లో అందరికీ వినపడేలా, సగం హిందీ సగం తెనాలిలో విన్నవించుకున్నాడు. "బెహన్‌జీ, యే జో దాగ్ హై నా, హమ్ దోనోఁ పఢే-లిఖే లోగ్ ఇన్నేళ్లూ దీన్ని జబ్బనుకున్నాం. కాగజ్ కీ బీమారీ. ఇంగ్లీషు పుస్తకాల్లో అలాగే చదివాం, అలాగే నమ్మాం. బీమారీ నహీఁ థీ. హల్దీ థీ. మన పసుపే. ఎవరో మాలాంటి ఇంట్లోవాళ్లే ఈ మూడు పుస్తకాలూ కొత్తగా వచ్చిన రోజున రాశారు."

"హల్దీ!" ఆంటీ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "హల్దీ లగ్ గయీ? తో షాదీ కబ్ హై?" పసుపు రాశారంటే పెళ్లే అని ఆవిడ లెక్క.

"అభీ అభీ హుయీ, బెహన్‌జీ," అన్నాడు త్యాగరాజుగారు, ఖాళీ సంచి మడత పెట్టుకుంటూ.